ఖిల్లా జైలు గోడ మీద బొగ్గు రాతలు

నిజామాబాద్ ఖిల్లా గుట్ట ఎక్కినవాళ్లలో చాలామంది రామాలయం చూసి, పైన నిలబడి ఊరంతా కనపడేటట్టు ఒక సెల్ఫీ దిగి, కింద మిర్చి బజ్జీ తిని వచ్చేస్తారు. మా మాక్లూర్ నుంచి పోయే బ్యాచ్‌లు కూడా అంతే. అదే కోటలో ఒకప్పుడు జైలు ఉండేది. 1948లో ఆ జైల్లో ఒక ఇరవై రెండేళ్ల కుర్రాడు ఉన్నాడు. పేరు దాశరథి కృష్ణమాచార్య. అతనికి కాగితం లేదు, కలం లేదు. పళ్లు తోముకోవడానికి ఇచ్చే బొగ్గుముక్క ఉంది, ఎదురుగా గోడ ఉంది. దాని మీద పద్యాలు రాశాడు. జైలువాళ్లు చెరిపేశారు. మళ్లీ రాశాడు. శిక్ష వేశారు. మళ్లీ రాశాడు.

ఈ కథ మన దగ్గర చాలామందికి తెలుసు. తెలంగాణ ఉద్యమం నడిచిన రోజుల్లో ప్రతి స్టేజీ మీదా చెప్పారు. కానీ వినీ వినీ అరిగిపోయిన కథలతో ఒక ఇబ్బంది ఉంటుంది. అందులో విచిత్రంగా ఉన్న సంగతి మనకు విచిత్రంగా అనిపించడం మానేస్తుంది. నాకు విచిత్రంగా అనిపించేది ఇది. చెరిపేస్తారని తెలిసిన గోడ మీద ఎవరైనా ఎందుకు రాస్తారు? మనసులో అనుకుంటే సరిపోదా? నిజాం మీద కోపం ఉంటే ఉంది, పద్యం తలలో కట్టుకుని కూర్చుంటే ఏ జైలరూ చెరపలేడు కదా. అయినా బయటికి రాయాల్సిందే అనిపించింది. అదేంటో తెలుసుకోవాలంటే ముందు ఆయన ఎక్కడి నుంచి వచ్చాడో చూడాలి.

దాశరథి 1925 జూలై 22న చిన్నగూడూరులో పుట్టాడు. అప్పుడది వరంగల్ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. తండ్రి సంస్కృత పండితుడు. ఇంట్లో సంస్కృతం, బయట తెలుగు, బడిలో ఉర్దూ. అప్పటి హైదరాబాద్ సంస్థానంలో ప్రభుత్వ భాష ఉర్దూ, చదువూ ఉర్దూలోనే. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ కూడా ఉర్దూ మీడియమే. సంస్థానంలో సగానికి దగ్గర దగ్గర మంది మాట్లాడేది తెలుగైనా, ఆ తెలుగుకు ఆఫీసులోనూ క్లాసులోనూ చోటు లేదు. కాబట్టి దాశరథి మీడియం ఉర్దూ. తర్వాత ఉస్మానియాలో బీఏ చేశాడు, అదీ ఇంగ్లిష్ సాహిత్యంతో.

ఇక్కడ కొంచెం ఆగుతాను. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. మన క్లాసులో ముప్పావు వంతు అంతే. తెలుగులో ఒక పేజీ రాయాలంటే ఒత్తుల దగ్గర తడబడతాం. ఫోన్‌లో తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి పంపుకుంటాం. మనకు తెలుగు రాకపోవడానికి మీడియమే కారణమని చెప్పుకోవడం అలవాటైపోయింది. దాశరథి గురించి చదివాక ఆ మాట అంత తేలిగ్గా నోట్లోంచి రావడం లేదు. ఆయన మీడియం కూడా వేరే భాషే. ఇంట్లో సంస్కృతం నేర్పే తండ్రి ఉండటం పెద్ద తేడా, ఒప్పుకుంటాను. అయినా పద్యం రాయాలనిపించినప్పుడు మార్కులు తెచ్చిన భాషను వదిలి, అమ్మ మాట్లాడే భాషలోకే వచ్చాడు.

ఆయన పెరిగిన కాలంలో తెలుగులో రాసి అచ్చు వేయడమే ఒక పోరాటం. తెలంగాణలో కవులే లేరని ఒకాయన రాస్తే, గోలకొండ పత్రిక నడిపే సురవరం ప్రతాపరెడ్డి మాటకు మాట అనకుండా కవుల్ని వెతకడం మొదలుపెట్టారు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. అందులో 354 మంది కవులు. ఇంటర్నెట్ లేదు, ఫోన్ లేదు, ఉత్తరాలతో సాధించిన సంగతి. నా దృష్టిలో అది అప్పటి పెద్ద డేటాబేస్. ఆ పేర్లలో చాలామంది అప్పటిదాకా పద్యాలు రాసి ఇంట్లో తాళపత్రాల మధ్యో, చెక్కపెట్టెలోనో పెట్టుకున్నవాళ్లే అయి ఉంటారు. పంచుకునే దారి దొరగ్గానే బయటికి వచ్చారు.

దారి మాత్రం అంత సులువుగా లేదు. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఉండేది. దాని ప్రకారం సభ పెట్టాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. నలుగురు కూర్చుని మాట్లాడుకోవడమే అనుమానంగా చూసే రోజులు. అయినా ఆంధ్ర మహాసభ ఒక్కో ఊర్లో జరుగుతూ వచ్చింది. 1930లో జోగిపేటలో మొదలై, ఆరో సభ 1937లో మన నిజామాబాద్‌లోనే జరిగింది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పెట్టింది కూడా ఆ ఏళ్లలోనే. నిజాంసాగర్ నీళ్లు, చెరుకు తోటలు, ఫ్యాక్టరీ గొట్టం ఒకవైపు, అనుమతి లేకుండా నోరు విప్పకూడదనే రూలు ఇంకోవైపు. మన పెద్దవాళ్లు నిజాం గురించి మాట్లాడేటప్పుడు ఒకసారి నీళ్లిచ్చినోడు అనడం, ఇంకోసారి రజాకార్ల కాలం అని గొంతు తగ్గించడం నేను విన్నాను. రెండూ నిజమే.

1943లో హైదరాబాద్‌లో ఆంధ్ర సారస్వత పరిషత్తు పుట్టింది. మరుసటి ఏడాది వరంగల్లో సభలు పెడితే రజాకార్లు పందిరికి నిప్పు పెట్టారు. అయినా కవి సమ్మేళనం ఆగలేదు. అక్కడ పద్యం చదివినవాళ్లలో దాశరథి ఒకడు. అప్పటికి పంతొమ్మిదేళ్లు, అంటే సరిగ్గా నా వయసు. నేను మొన్న ఫ్రెషర్స్ డేకి నాలుగు లైన్లు చదవమంటేనే చేతులు వణికి మైక్ పక్కవాడికి ఇచ్చేశాను. కాలిన పందిరి వాసన వస్తుంటే నిలబడి పద్యం చదవడం ఎలా ఉంటుందో ఊహకు అందడం లేదు.

తర్వాత ఆయన ఊళ్లు తిరిగి నిజాం పాలనకు వ్యతిరేకంగా మాట్లాడటం, పట్టుబడటం జరిగాయి. మొదట వరంగల్ జైలు, ఆ తర్వాత నిజామాబాద్.

ఇక్కడ కథలోకి ఇంకో మనిషి రావాలి. స్టేజీల మీద చెప్పేటప్పుడు ఈయన్ని సగం మంది వదిలేస్తారు, కానీ నాకు ఈయన లేకుండా గోడ కథ అర్థం కాదు. వట్టికోట ఆళ్వారుస్వామి. నల్లగొండ వైపు మనిషి. పెద్దగా బడి చదువు లేదు. చిన్నప్పుడు ఒక పంతులుగారికి వంట చేసి పెడుతూ చదువుకున్నాడు. హోటల్లో సర్వర్‌గా పనిచేశాడు. గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల అనే ప్రచురణ సంస్థ పెట్టాడు. పెట్టాడు అంటే ఆఫీసు, టేబుల్, కుర్చీ అనుకోకండి. తానే పుస్తకాలు వేసి, గంపలో పెట్టి నెత్తిన మోసుకుంటూ ఇల్లిల్లూ తిరిగి అమ్మాడు. కూరగాయలు అమ్మినట్టు పుస్తకాలు అమ్మిన మనిషి. ఆ పుస్తకాల్లో ఆయన రాసినవి తక్కువ, వేరేవాళ్లు రాసినవే ఎక్కువ.

ఇప్పుడు సీన్ చూడండి. రాయకుండా ఉండలేని కుర్రాడొకడు, పంచకుండా ఉండలేని మనిషొకడు ఒకే జైల్లో పడ్డారు. దాశరథి గోడ మీద పద్యం రాసేవాడు. ఆళ్వారుస్వామి, తోటి ఖైదీలు చదివేవాళ్లు, నోటికి పట్టేవాళ్లు. జైలువాళ్లు వచ్చి గోడ కడిగేసేవాళ్లు. కడిగే టైముకి పద్యం గోడ మీద నుంచి తలల్లోకి ఎక్కేసేది. గోడ ఉత్త టెంపరరీ మెమొరీ అన్నమాట. అసలు బ్యాకప్ మనుషుల్లో ఉంది.

మనసులో ఉంచుకుంటే సరిపోదా అని పైన అడిగానే, దానికి జవాబు ఇక్కడే దొరుకుతుందనిపిస్తుంది. ఆయన గోడ మీద రాసింది గోడ కోసం రాయలేదు, పక్కనున్న ఖైదీ కోసం రాశాడు. మనసులో ఉన్న పద్యం ఒక్క తలలోనే ఉంటుంది. ఆ తల మీద లాఠీ పడితే దానితో పాటే పోతుంది. గోడ మీదికి వస్తే అరగంటలో పది తలల్లోకి పోతుంది. చెరిపినా ఏమీ కాదు. జైలరు బొగ్గు చెరిపాడు గానీ పద్యం అప్పటికే అక్కడ లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇది సీఎస్ఈవాళ్లకు బాగా ఎక్కుతుంది. దాశరథి వచన కవిత్వమూ రాశాడు, గేయాలూ రాశాడు, కానీ ఛందస్సులో పద్యం చెప్పడంలో చెయ్యి తిరిగినవాడు. ఛందస్సు అంటే మనకు టెన్త్‌లో గురువు లఘువు గుర్తులు పెట్టి మార్కులు తెచ్చుకోవడమే. నిజానికి అది పద్యాన్ని కాపాడే యంత్రం. ఉత్పలమాల తీసుకోండి. నాలుగు పాదాలు, పాదానికి 20 అక్షరాలు, ఏ స్థానంలో గురువో ఏ స్థానంలో లఘువో ఫిక్స్. ప్రతి పాదంలో రెండో అక్షరంలో ఒకే హల్లు రావాలి, అది ప్రాస. మొదటి అక్షరంతో పదో అక్షరానికి మైత్రి కుదరాలి, అది యతి. చంపకమాల అయితే పాదానికి 21 అక్షరాలు, యతి పదకొండో అక్షరం దగ్గర. ఇప్పుడు ఒక ఖైదీ పద్యం గుర్తుచేసుకుంటూ ఒక మాట మర్చిపోయి వేరే మాట పెట్టాడనుకోండి. అక్షరాలు ఎక్కువో తక్కువో అవుతాయి, నడక కుంటుతుంది, ప్రాస తప్పుతుంది. చెవికి వెంటనే తెలిసిపోతుంది, ఇక్కడేదో తేడా కొట్టిందని. నెట్‌వర్క్స్ క్లాసులో చెక్‌సమ్ అని చెప్పుకుంటామే, డేటా దారిలో పాడైందో లేదో పట్టుకునేది, పద్యానికి అది పుట్టుకతోనే ఉంది. కాగితం లేని చోట, గోడ చెరిపేసే చోట, వందల ఏళ్ల కిందట కనిపెట్టిన ఈ పద్ధతి మళ్లీ అసలు పనిలోకి వచ్చింది. పద్యం పాతబడిపోయింది అనేవాళ్లు ఆ జైల్లో ఒక వారం ఉంటే ఏమనేవాళ్లో చూడాలని ఉంది.

ఆ రోజుల్లోనే ఆయన తెలంగాణను వీణతో పోల్చాడు. ఆ పద్యపాదం నేను ఇక్కడ రాయక్కర్లేదు. మీకు వచ్చు.

1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది. 1949లో దాశరథి మొదటి పుస్తకం అగ్నిధార వచ్చింది. దాన్ని ఆళ్వారుస్వామికి అంకితమిచ్చాడు. అంకితం అనేది మన సాహిత్యంలో పెద్ద వ్యవహారం. పాతకాలంలో కవులు రాజుకిచ్చి అగ్రహారాలు పుచ్చుకునేవాళ్లు. పోతన లాంటివాళ్లు రాజుకివ్వం, దేవుడికిస్తాం అన్నారు. దాశరథి గంపలో పుస్తకాలు మోసి అమ్మిన మనిషికి, జైల్లో తన పక్కన ఉన్న మనిషికి ఇచ్చాడు. మరుసటి ఏడాది రుద్రవీణ వచ్చింది. 1953లో తెలంగాణ రచయితల సంఘం పెట్టి ఊరూరా కవులను కూడగట్టాడు. జైల్లో ఇద్దరు ముగ్గురి మధ్య జరిగింది ఇప్పుడు బయట సభల్లో జరిగింది, అంతే.

తర్వాతి బతుకు వేగంగా చెప్పేస్తాను, ఎందుకంటే అది ఎక్కువమందికి జరిగే బతుకే. టీచర్‌గా చేశాడు, పంచాయతీ ఇన్‌స్పెక్టర్‌గా చేశాడు, ఆకాశవాణిలో చేశాడు. పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. తిమిరంతో సమరానికి 1974లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తమ్ముడు దాశరథి రంగాచార్య కూడా పెద్ద రచయిత. చిల్లర దేవుళ్లు ఆయన నవలే.

కానీ రెండు విషయాల దగ్గర ఆగాలి.

ఒకటి గాలిబ్. ఉర్దూ రుద్దిన ప్రభుత్వం మీద పోరాడి జైలుకు పోయిన మనిషి 1961లో గాలిబ్ గీతాలు వేశాడు. మీర్జా గాలిబ్ ఉర్దూ కవిత్వానికి తెలుగు, దానికి బాపు బొమ్మలు. ప్రభుత్వం మీద కోపాన్ని ఆయన భాష మీదికి మళ్లించలేదు. బడిలో బలవంతంగా వచ్చిన ఉర్దూను ప్రేమతో తిరిగి తెలుగులోకి తెచ్చాడు. మన జిల్లాలో ఇది ఊరికే సాహిత్యం ముచ్చట కాదు. నిజామాబాద్‌లో, బోధన్‌లో సగం దుకాణాల బోర్డుల మీద ఉర్దూ ఉంటుంది, చిన్నప్పటి నుంచి చూస్తున్నాం, చదవలేం. పక్కింటివాళ్ల భాష మనకు ఉత్త డిజైన్‌లా కనపడుతుంది. ఆ డిజైన్ వెనకాల ఏముందో మనకు తెలుగులో చెప్పిన మొదటివాళ్లలో ఒకడు, మన ఖిల్లాలో ఖైదీగా ఉన్నవాడు.

రెండోది కొంచెం గుచ్చుకునే విషయం. 1977లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆయన్ని ఆస్థానకవిని చేసింది. రాజుకు వ్యతిరేకంగా గోడ మీద రాసినవాడు ప్రభుత్వానికి ఆస్థానకవి కావడమేంటని మా హాస్టల్‌లో ఒక రాత్రి పెద్ద గొడవే అయింది. సినిమా పాటల మీదా అదే గొడవ. 1961లో వాగ్దానం, ఇద్దరు మిత్రులు సినిమాలకు రాశాడు, ఆ తర్వాత మూగమనసులు, రంగులరాట్నం, ఇంకా ఎన్నో. ఒకడు అమ్ముడుపోయాడు అన్నాడు. ఇంకొకడు ఇల్లు గడవొద్దా అన్నాడు. నాకు రెండూ నచ్చలేదు. సినిమా పాట విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. గోడ మీద రాస్తే పదిమంది చదివారు. రేడియోలో సుశీలమ్మ పాడితే కోట్లమంది విన్నారు. చదవడం రానివాళ్లు కూడా విన్నారు. రంగులరాట్నంలో వేంకటేశ్వరుడి మీద ఆయన రాసిన పాట మా నానమ్మకు మొత్తం వచ్చు, అది రాసింది నిజామాబాద్ జైల్లో ఉన్న ఆయనే అని మాత్రం నేను చెప్పేదాకా తెలియదు. రాసినవాడి పేరు లేకుండా పాట ఇంట్లోకి రావడం కన్నా పెద్ద పంచుకోవడం ఏముంటుంది?

ఆస్థానకవి సంగతి మాత్రం నేను సమర్థించలేను. ఆ పదవి పేరులోనే ఆస్థానం ఉంది. 1983లో పదవి పోయింది. ఇచ్చిన చెయ్యే తీసేసుకోగలదని ఆయనకు నేర్పాల్సిన పనిలేదు. జైల్లో ఉన్నప్పుడు ఎవరూ ఆయన్ని కవి అని అపాయింట్ చేయలేదు, ఎవరూ తీసేయలేకపోయారు కూడా. అయినా ఇరవై రెండేళ్ల మనిషిని యాభై రెండేళ్లకు కూడా జైల్లో ఉన్నట్టే ఉండమనడం మనకు సులువు, ఏసీ ల్యాబ్‌లో కూర్చుని.

ఇంకో మెలిక ఉంది. దాశరథి తెలుగువాళ్లంతా ఒకే రాష్ట్రంగా ఉండాలని కలగన్నవాడు. మహాంధ్రోదయం అని 1955లో పుస్తకమే వేశాడు. అదే దాశరథి వీణ పద్యం తర్వాతి తరంలో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమానికి నినాదమైంది. 2014లో రాష్ట్రం వచ్చాక ఆయన పేరు మీద అవార్డు పెట్టి, ఆయన పుట్టినరోజున ఇస్తున్నారు. ఆయన 1987 నవంబర్ 5న, అరవై రెండేళ్లకు పోయాడు, ఇదేమీ చూడలేదు. బతికుంటే ఏమనేవాడో అని సీనియర్లు వాదించుకుంటారు. పంచుకున్నాక ఆ పద్యం ఆయన ఒక్కడి దగ్గర ఉండిపోలేదు. ఓపెన్ సోర్స్ పెట్టిన కోడ్‌ను ఎవరు దేనికి వాడతారో రాసినవాడి చేతిలో ఉండదు. ఉండాలనుకునేవాడు గోడ మీద రాయడు.

ఆళ్వారుస్వామి సంగతి సగంలో వదిలేశాను. ఆయన కూడా తర్వాత రాశాడు. ప్రజల మనిషి 1955లో వచ్చింది, తెలంగాణ తొలి నవలల్లో దాన్ని లెక్కేస్తారు. జైలు లోపల అనే పేరుతో కథలు రాశాడు, కవుల గురించి కాకుండా మామూలు ఖైదీల గురించి. గంగు అనే నవల రాస్తూ 1961 ఫిబ్రవరిలో పోయాడు. అప్పటికి యాభై కూడా నిండలేదు, నవల పూర్తి కాలేదు. అంతకాలం వేరేవాళ్ల పుస్తకాలు మోయకుండా తన పుస్తకమే రాసుకుని ఉంటే గంగు పూర్తయ్యేదేమో. కానీ అప్పుడు అగ్నిధారలోని కొన్ని పద్యాలు మన దాకా వచ్చేవో లేదో.

జైలు ఇప్పుడు ఖిల్లాలో లేదు, సారంగాపూర్ వైపు కట్టారు. అగ్నిధార కోసం ఒక పెద్ద లైబ్రరీలో అడిగితే కంప్యూటర్‌లో వెతికి లేదన్నారు. తర్వాత పాత పుస్తకాల షాపులో ఒక కాపీ దొరికింది, అట్ట చిరిగింది గానీ పేజీలన్నీ ఉన్నాయి. హాస్టల్‌లో ఎవరికైనా కావాలంటే ఇస్తాను. ఇప్పటికే ఇద్దరు లైన్లో ఉన్నారు. చదివి వారంలో తిరిగి ఇవ్వాలి, మార్జిన్లలో పెన్నుతో రాయొద్దు. పెన్సిల్ అయితే పర్లేదు.